ఆదివారం పేల్చని తూటాలు

1993 జూన్ 16, బుధవారం. పొద్దున పదకొండు

నా పేరు లవీనా టకెట్. ఏళ్లు డెబ్భై ఎనిమిది. ఊరు టామరాక్ క్రీక్, మోంటానా. ఇంట్లో ఉండేది నేనూ, నా మనవరాలు కోరలీ, ఇద్దరమే. నా మొగుడు హోయిట్ నిరుడు అక్టోబరులో పోయాడు.

నాకు చదవడం, రాయడం రాదు. ఈ సంగతి హోయిట్ ఒక్కడికే తెలుసు. ఇవాళ బెర్నిస్‌కి తెలిసింది. బెర్నిస్ మా పక్కింటావిడ, చర్చిలో పియానో వాయిస్తుంది. నేను చెప్పింది చెప్పినట్టే రాస్తానని ఒట్టేసింది. బాగుచేసి రాశావో, నీ పియానో మెట్లు పీకుతానని చెప్పాను. అది కూడా రాయమన్నాను.

ఎందుకు రాయిస్తున్నానంటే, కొండ మీద నా మనవరాలి చేతిలో తుపాకీ పగిలితే తప్పు నాదని కాగితం మీద ఉండాలి. పిల్లది కాదు. తుపాకీది కాదు. నాది.

కోరలీ ఆదివారం మధ్యాహ్నం గుర్రమెక్కి పైకి వెళ్లింది. మేత సంఘం వాళ్ల మూడు వందల ఆవుల్ని నెల రోజులు కాయాలి. అక్కడ ఫోన్ లేదు. గ్రిజ్లీ ఎలుగులు ఉన్నాయి. నడుముకి హోయిట్ మాగ్నమ్ రివాల్వర్, పెద్ద దెబ్బ కొట్టే రకం, కట్టుకుంది. మా ఇంట్లో అలాంటివి రెండు. ఇంకోటి నాది.

శనివారం నేను యాభై తూటాలు చేశాను. ముప్పై దానికిచ్చాను. ఇవాళ పొద్దున పెరట్లో నా రివాల్వర్‌తో పేల్చి చూశాను. మూడు బాగానే పేలాయి. నాలుగోది ఫుస్సుమంది. కాలని పసుపుపచ్చ మందు గింజలు నా చేతి మీద రాలాయి. చెక్కకి చిల్లు పడలేదు. తుపాకీ ఖాళీ చేసి గొట్టంలోకి పుల్ల దూరిస్తే మధ్యలో తగిలి ఆగిపోయింది. సీసం ముక్క బయటికి పోకుండా అక్కడే ఇరుక్కుంది. చూసుకోకుండా ఐదోది పేల్చి ఉంటే, అది వెళ్లి దీన్ని గుద్దుకుని గొట్టం నా మొహం మీద పగిలేది.

ఫుస్సుమంటే ఆగాలని హోయిట్ నాకు నేర్పాడు. కోరలీకి అలాంటి తూటా ఎప్పుడూ ఎదురుకాలేదు. ఎదురైనా, ఎలుగు మీదికొస్తుంటే ఎవరు ఆగుతారు?

బెర్నిస్ టీ ఇచ్చింది. ఒలికిపోయింది.


అదే రోజు, ఒంటిగంట

ఎలా జరిగిందో చెబుతాను.

మా ఇంట్లో తూటాలు కొనరు. పేలిన తూటాల ఇత్తడి తొడుగుల్ని కడిగి, అడుగున నిప్పు పుట్టించే కొత్త ప్రైమర్ నొక్కి, పౌడర్, అంటే పేలుడు మందు, పోసి, పైన సీసం బిగిస్తాం. నలభై ఏళ్లుగా ఆ బెంచి దగ్గర నేనూ కూర్చున్నాను. పౌడర్ మాత్రం హోయిటే ఎంచేవాడు. కోరలీ రెండేళ్ల కింద గుర్రం మీంచి పడి మణికట్టు విరగ్గొట్టుకుంది. నిండు మాగ్నమ్ తూటా కొడితే ఆ చెయ్యి ఓర్చుకోదు. అందుకని దానికి మధ్యరకం తూటాలు చేసేవాళ్లం. వాటి కోసం హోయిట్ పొట్టులాంటి పౌడర్ తెచ్చేవాడు. అది తొడుగులో సగం దాటి నిండుతుంది. పొరపాటున రెండుసార్లు పోస్తే బయటికి పొర్లుతుంది. "నీకు అక్షరం కనపడదు లవీనా, కానీ పొర్లడం కనపడుతుంది" అనేవాడు. దానికి మామూలు ప్రైమర్ నిప్పు చాలు.

ఈ వసంతంలో ఆ పౌడర్ అయిపోయింది. మా అన్న కొడుకు డ్వైట్ దాణా కొట్లో పనిచేస్తాడు, వాణ్ని తెమ్మన్నాను. వాడు వేరే డబ్బా తెచ్చాడు. గసగసాల్లాంటి సన్న గింజలు. ఇదేంట్రా అంటే, "మాగ్నమ్ తుపాకీకి మాగ్నమ్ పౌడర్ అత్తా! దెబ్బ ఎక్కువైతే రెండు చిటికెలు తగ్గించుకో" అన్నాడు. నాకూ సబబుగానే తోచింది. కూరలో ఉప్పు తగ్గిస్తే ఉప్పదనం తగ్గుతుంది కదా. తగ్గించాను. ప్రైమర్లు మాత్రం హోయిట్ డబ్బాలో మిగిలిన మామూలువే పెట్టాను.

ఇవాళ ఆ పౌడర్ డబ్బా పట్టుకుని బెర్నిస్ దగ్గరికి పరిగెత్తాను. కళ్లజోడు ఎక్కడో పెట్టి మరిచిపోయానని చెప్పి, దీని మీద ఏముందో చదివిపెట్టమన్నాను.

"నీకు కళ్లజోడే లేదు కదా అక్కా" అంది బెర్నిస్.

నిజం చెప్పేశాను. తర్వాత చదివింది. వెనకవైపు చిన్న అక్షరాల్లో ఉందట. చెప్పిన కొలత తగ్గించకూడదు. ఎక్కువ నిప్పు పుట్టించే మాగ్నమ్ ప్రైమరే వాడాలి. తగ్గిస్తే మందు సగం కాలి సగం మిగిలి, సీసం గొట్టంలో ఆగిపోవచ్చు.

ఉప్పు లెక్క దీనికి పనికిరాదు. ఇది మొండి మందు. నిండా పోస్తే మాట వింటుంది, తగ్గిస్తే పగబడుతుంది. చలిలో ఇంకా మొండికేస్తుంది. పైన కొండ మీద ఇంకా మంచు కరగలేదు.

ఇంకో తప్పు కూడా రాయి బెర్నిస్. కొత్త పౌడర్‌తో ఏం చేసినా ఆరు పేల్చి చూడందే ఎవరికీ ఇవ్వకూడదని మా ఇంటి కట్టుబాటు. శనివారం చీకటి పడేదాకా వాన. మర్నాడు ఆదివారం. ఆదివారం మా ఇంట్లో తుపాకీ మోగదు, మా అమ్మ కాలం నుంచీ అంతే. దేవుడికి భయపడి పేల్చలేదు. పేల్చకుండానే పిల్ల సంచిలో పెట్టాను.


అదే రోజు, నాలుగు

డ్వైట్ వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి టోపీ నలిపాడు.

"తగ్గించమని నేనెప్పుడన్నాను అత్తా? నీకు మతి తప్పుతోంది. మామయ్య పోయాక అందరూ అంటున్నదే."

"అన్నావురా. పోర్చి మెట్ల మీద కూర్చుని, నేను చేసిన ఆపిల్ పై తింటూ అన్నావు. రెండో ముక్క కూడా అడిగావు."

"డబ్బా మీద అంత స్పష్టంగా రాసి ఉంటే నువ్వు చదువుకోవద్దా?"

బెర్నిస్ నోరు తెరవబోతే కాలు తొక్కాను. వాడు వెళ్లిపోయాడు.


జూన్ 17, గురువారం

మేత సంఘం పెద్దమనిషికి ఫోన్ చేశాను. శనివారం ఆవులకి ఉప్పు మోతలతో మనిషిని పంపిస్తాడట, అప్పుడు చీటీ ఇచ్చి పంపుతాడట. ఈలోగా ఎలుగుతో కూడా ఆయనే మాట్లాడతాడేమో.


అదే రోజు, పొద్దున పది

ఎల్డన్ ఇంటికి వెళ్లాను. కంచరగాడిదలు ఉన్నది అతనికే. కంచె తగాదాలో హోయిట్‌తో పదకొండేళ్లు మాట్లాడలేదు. చావుకీ రాలేదు.

"నా గుమ్మం తొక్కావంటే ఎవరో చస్తుండాలి" అన్నాడు.

చెప్పాను. చదువు సంగతితో సహా అంతా చెప్పాను. రెండు రోజుల్లో రెండోసారి. మొదటిసారి కన్నా కష్టంగానే ఉంది.

ఎల్డన్ నవ్వలేదు. "ఆడగాడిద నెమ్మదైంది. నువ్వు దాని మీద కూర్చో" అన్నాడు. నువ్వు ఇంట్లో ఉండు, నేను వెళ్తాను అని అంటాడనుకున్నాను. అనలేదు. అందుకు అతనికి పదకొండేళ్లూ మాఫీ.

బెర్నిస్ ఏడుస్తోంది. కాగితం తడుపుతోంది. ఆపు.


జూన్ 20, ఆదివారం

తిరిగొచ్చాక చెబుతున్నాను. తొడలు రెండూ ఒరుసుకుపోయాయి. మంచం మీంచే చెబుతున్నాను.

గురువారం చీకటి పడేలోగా పాత గొర్రెల కొట్టం చేరి ఆగాం. శుక్రవారం పొద్దున వాగు దాటాం. నీళ్లు గాడిద పొట్ట దాకా వచ్చాయి. నాకు నీళ్లంటే భయం. ఆ రోజు ఆ భయానికి చోటు లేకపోయింది. దారి పొడవునా ఎల్డన్ మాట్లాడుతూనే ఉన్నాడు. నన్ను మాటల్లో పెట్టడానికని తెలుసు. "హోయిట్‌గాడి కంచె రెండడుగులు నా నేలలోనే ఉంది, ఇప్పటికైనా ఒప్పుకోవే" అన్నాడు. మూడడుగులు తీసుకో, త్వరగా పదమన్నాను.

మధ్యాహ్నం మూడు దాటింది. ఆఖరి గట్టు ఎక్కుతున్నాం. అవతల తుపాకీ మోగింది.

ఎల్డన్ వెనక్కి తిరిగాడు. "బాగానే పేలింది కదే" అన్నాడు.

మళ్లీ మోగింది. రెండు.

నేను మూడోదాని కోసం చూస్తున్నాను. రాలేదు.

రాకపోతే రెండే అర్థాలు. పిల్ల ఆపేసింది. లేదా మూడోది ఫుస్సుమంది, గట్టు ఇవతలికి వినపడలేదు. రెండో అర్థమే అయితే, ఇక ఏ చప్పుడు వినిపించినా అది నా మనవరాలి చెయ్యి. లేదా మొహం. దేవుడా ఇంకో చప్పుడు వద్దు, ఇంకో చప్పుడు వద్దు అంటున్నాను. నలభై ఏళ్లు తుపాకీ చప్పుడు మధ్య బతికినదాన్ని, ఒక్క చప్పుడు రాకూడదని ఇలా ప్రార్థించింది ఎన్నడూ లేదు. గాడిదని మడమలతో పొడిచాను. ఎల్డన్ పట్టుకో పట్టుకో అని అరుస్తున్నాడు. గట్టు ఎక్కేశాం.

కింద గుడారం కనిపించింది. దాని ముందు దుంగ మీద కోరలీ కూర్చుని ఉంది. రెండు చేతులూ ఉన్నాయి. నేను ముందు చేతులే చూశాను. రివాల్వర్ నాలుగు అడుగుల దూరంలో నేల మీద పడి ఉంది. పాము దగ్గర కూర్చున్నట్టు దాన్నే చూస్తోంది.

ఏం జరిగిందో కోరలీ చెప్పింది. చచ్చిన దూడ దగ్గరికి ఎలుగు వచ్చింది. అరవై అడుగుల దూరం. బెదరగొట్టడానికి గాల్లోకి రెండు పేల్చింది. ఎలుగు వెనక కాళ్ల మీద లేచి నిలబడింది. ఈసారి గురిపెట్టి మూడోది నొక్కింది. టప్‌మని చిన్న చప్పుడు. నాలుగోది పేల్చడానికి తుపాకీ సుత్తి మళ్లీ వెనక్కి లాగింది కూడా.

"మరెందుకు ఆగావే?"

"కుక్క వల్ల నానమ్మా. సంఘం వాళ్లు నాతో పంపిన కుక్క. తుపాకీ మోగితే చాలు, ఊళ పెడుతుంది. మొదటిదానికి పెట్టింది, రెండోదానికి పెట్టింది. మూడోదానికి పెట్టలేదు. నా మొహంలోకి చూస్తూ నిలబడింది. ఏదో తేడా ఉందనిపించింది. తుపాకీ పారేసి వంటగిన్నె తీసి బాదాను."

ఎలుగు గిన్నె చప్పుడు కాసేపు విని, విసుగొచ్చినట్టు చెట్లలోకి వెళ్లిపోయిందట.

ఎల్డన్ గొట్టంలోకి పుల్ల దూర్చాడు. మధ్యలో ఆగింది. ఎంత లోపల ఆగిందో బొటనవేలితో గుర్తుపెట్టి నాకు చూపించాడు.

అప్పుడు నేను కోరలీకి చెప్పాను. పౌడర్ సంగతి, ప్రైమర్ సంగతి, ఆదివారం సంగతి, చదువు సంగతి.

"మరి నా స్కూలు రిపోర్టులు? ప్రతిసారీ చూసి తలూపేదానివి కదా!"

"తాతయ్య ముందే చదివి చెప్పేవాడు."

"సైన్సులో తప్పానని నన్ను తిట్టింది?"

"అదీ ఆయన చెబితేనే."

అది నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. "చచ్చిపోయేదాన్ని, నువ్వు సిగ్గుపడ్డందుకు" అంది. ఆ మాట ఉన్నదున్నట్టు రాయి బెర్నిస్. మెత్తబరచకు.

దాని దగ్గరున్న రివాల్వర్, మిగిలిన తూటాలు నేను తీసుకుని, నా రివాల్వర్, ఈసారికి కొట్లో కొన్న తేలికరకం తూటాల పెట్టె దానికిచ్చాను. తీసుకుంది. గాడిద మీదికి ఎక్కేటప్పుడు చెయ్యి అందించింది. మాట మాత్రం అందించలేదు.


జూన్ 22, మంగళవారం

డ్వైట్ వచ్చాడు. కాగితం మీద తన పేరు ఉందని విన్నాడట. కొట్టేయమన్నాడు.

కొట్టెయ్యనన్నాను. "నువ్వన్న మాట ఉంది, నేను నమ్మిన మాట కూడా పక్కనే ఉంది. నా తప్పు ముందు రాయించాను, నీది తర్వాత. ఇంకేం కావాలి?"

మెట్ల మీద కూర్చున్నాడు. ఈసారి ఆపిల్ పై పెట్టలేదు. లేచేటప్పుడు, "అన్నాను అత్తా" అన్నాడు.


జూన్ 24, గురువారం

డ్వైట్, నేను కలిసి మిగిలిన నలభై మూడు తూటాలూ విప్పేశాం. పౌడర్ గాలి వీచని చోట నేల మీద పలచగా పోసి దూరం నుంచి కాల్చేశాం. పెద్ద మంట లేదు. అంతసేపూ నేను గోడ చాటునే ఉన్నాను.


జూలై 13, మంగళవారం

కోరలీ దిగి వచ్చింది. ఇదంతా నాకు పైకి చదివి వినిపించింది. తను అన్న మాట దగ్గర ఆగింది. తీసేయనా అని బెర్నిస్ అడిగితే, ఉండనీ అంది. తర్వాత నా పక్కనే కూర్చుని భోజనం చేసింది.

ఇందాక గాలికి గుమ్మం తలుపు గట్టిగా కొట్టుకుంది. ఇద్దరం రెండో చప్పుడు కోసం చెవులొగ్గి ఆగిపోయాం.

లవీనా టకెట్ గుర్తు: X

సాక్షులు:
బెర్నిస్ ఆల్డ్రిచ్, రాసినది
ఎల్డన్ స్ట్రౌడ్
డ్వైట్ హార్గిస్, నా గురించి రాసింది నిజమే
కోరలీ టకెట్, చదివినది