లేదని రాసిన దగ్గు

అవ్వా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున పరిశోధన పత్రిక వచ్చింది. బీడీలు చుట్టే ఆడవాళ్ల ఊపిరితిత్తుల మీద నేను రాసిన పాత వ్యాసానికి సవరణ వేశారు.

కరీంనగర్‌లో దానికోసం నేను పరీక్షలు చేసిన రోజు నువ్వూ ఒడిలో చాట, చాటలో తునికాకు పెట్టుకుని వరుసలో కూర్చున్నావు. దగ్గుందా అని అడిగితే, కొంగు అడ్డం పెట్టుకుని దగ్గి, "లేదని రాయి బిడ్డా. సేటు పైసలిచ్చి గీ పరీక్షలు చేపిస్తుండు. మనింట్లకెల్లి చెడ్డమాట రావద్దు" అన్నావు.

లేదని రాశాను. బీడీ కార్ఖానా సేటు డబ్బిచ్చిన సంగతీ, నువ్వు నా తల్లివన్న సంగతీ ఎక్కడా రాయలేదు. బీడీ పనితో ఊపిరికి హాని లేదని అచ్చయింది.

మందుల ఖర్చు అడిగిన ఆడవాళ్లకు సేటు ఆ వ్యాసమే చూపించాడట. నువ్వు అడగబోతే, "నీ బిడ్డనే రాసింది గదా" అన్నాడట. నాకెప్పుడూ చెప్పలేదు నువ్వు. నీ దినాల నాడు పక్కింటి రాజవ్వ చెప్పింది.

ఆ తర్వాతే అన్నీ ఒప్పుకుంటూ పత్రికకు రాశాను. ఇన్నాళ్లు ఎందుకు దాచారని సంపాదకుడు అడిగాడు. లేదని నువ్వే రాయమన్నావని చెప్పలేదు అవ్వా. నీ దగ్గు విన్నానని మాత్రం రాశాను.