కుడికాలు లేచిన ఏడుసార్లు

బాలికల సాఫ్ట్‌బాల్ పోటీల అధికారి గారి సముఖమునకు, బస్టాండు ఎదుటి సందులో చెప్పులు, బూట్లు కుట్టువాడు వ్రాసుకొను విన్నపము.

అయ్యా,

విషయం: మా అమ్మాయి విసిరిన ఏడు బంతులు చెల్లవన్న తీర్పుపై గత నెల నేనిచ్చిన ఫిర్యాదును వెనుకకు తీసుకొనుట, మరియు ఆ తప్పులకు ఎంపిక జట్టు నుండి తొలగించిన ఆమె పేరు గురించి.

1. పన్నెండేళ్ల లోపు జట్టులో మా అమ్మాయి బంతి విసురును. అంపైరు గారు ఒకే ఆటలో ఏడుసార్లు ఎడమచేయి పక్కకు చాపి, చెల్లదన్నారు. చెల్లని ప్రతి విసురుకూ ఎదుటి పిల్లకు లాభముగా ఒక 'బాల్', అనగా తప్పుబంతి, లెక్కవేసి, నాలుగైతే ఊరికే మొదటి బేసుకు పంపెదరు. అట్లు ఓడితిమి. ఆయనకు కళ్లు లేవని నేను వ్రాసియుంటిని.

2. తదుపరి కోచ్ గారి నుండి నిబంధనల పుస్తకము తెచ్చి, దుకాణములో విసురువారు కాలు మోపు పలకను నేలపై సుద్దముక్కతో గీసి, ఆమెచే విసిరించి పరిశీలించితిని. చేతులు కలిపి క్షణము ఆగవలెను. ఆగుచున్నది. చేయి ఒక్క చుట్టే తిరగవలెను. తిరుగుచున్నది. పలకను తన్ని ముందుకు వచ్చునపుడు వెనుక కాలి బొటనవేలు నేలను ఈడ్చుకొనుచు రావలెను. అక్కడ ఆమె కుడికాలు బెత్తెడు లేచుచున్నది. అంపైరు గారి తప్పు లేదు.

3. ఎందుకు లేచుచున్నదో కూడ తెలిసినది. గురివింద తన నలుపెరగదన్న సామెత నాకే వర్తించినది. నిరుడు ఆమె కుడి బూటు ముందుభాగము నెలనెలా చిల్లుపడుచుండగా, తోలు అతుకులు వేసి వేసి విసిగి, "కాలు ఈడ్చకే తల్లీ, బూటు అరిగిపోతోంది. ఎత్తి వెయ్యి" అన్నాను. "సరే నాన్నా" అంది. చెప్పిన మాట వినే పిల్లండీ అది.

4. ఇప్పుడు ఈడ్చమన్నచో బంతి ఎటో పోవుచున్నది. మూడు వారములుగా చూచితిమి. వచ్చే నెల ఆమెకు పన్నెండు నిండును, ఆపైన ఈ జట్టులో చోటు లేదు. నిబంధన మార్చమని కోరను. ఆ ఏడు తప్పులూ నా పేర వ్రాసుకొని, ఆమెను ఒక్కసారి మరల పరీక్షింప ప్రార్థన. తమరు ఒప్పుకోరని తెలుసు. అడగకుండా ఉండలేక అడుగుచున్నాను.

తీరిక దొరికినపుడు ఈ నాలుగు ముక్కలు చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పిల్ల తండ్రి

తా.క.: నేనన్న ఆ మాట పిల్లకి గుర్తులేదు. నిన్న బడి నుంచి వచ్చి బూటు విప్పుతూ, "నా కాలే మంచిది కాదు నాన్నా" అంది. అప్పుడైనా చెప్పాల్సింది. పరీక్ష పెట్టకపోయినా పర్వాలేదు, ఆ కాలు మంచిదేనని దాని పేర ఒక కాగితం రాసి, ఆఫీసు ముద్ర వేసి పంపండి. కారణం మాత్రం రాయకండి.