నలభయ్యో గొట్టం

నవంబరు 12, బుధవారం

మా ఆడపడుచు చిరంజీవి పిడుగుకు,

మీ వదిన ఆశీర్వదించి రాయునది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టాలి కానీ, ఉభయుల్లో ఒకరి కుశలం ఇంకా నా బల్ల మీద, ఐసు పెట్టెలో ఉంది. కాబట్టి ఆ మాటను శుక్రవారానికి వాయిదా వేస్తున్నాను. మీ అన్నయ్య బాగానే ఉన్నారు. స్కూలు బస్సు నడిపి వచ్చి, నీ సంగతి నన్ను సూటిగా అడగడానికి భయపడి, వంటింట్లో గిన్నెలు సర్దుతున్నట్టు నటిస్తున్నారు. ఫోన్ చేయొచ్చు కదా వదినా అంటావు. ఫోన్‌లో అయితే నువ్వు నన్ను నవ్వించి మాట దాటేస్తావు. కాగితం ముందు నీ ఆటలు సాగవు.

మీ ఆసుపత్రి నుంచి నలభై సీరం గొట్టాలు నిన్న పొద్దున మా ల్యాబుకు వచ్చాయి. నెల కిందట ఈ ఏడాది ఫ్లూ టీకా వేయించుకున్న నలభై మంది నర్సులవీ, ఆయాలవీ. మీరు టీకా వేయించుకున్నాక ఈ కొత్త రకం ఊడిపడింది. పాత టీకా దీన్ని ఆపుతుందా, ఆపదా? ప్రశ్న ఇంతే. జవాబు శుక్రవారం సాయంత్రానికల్లా మా మేడమ్ సంతకంతో మీ పెద్దవాళ్ళ బల్ల మీద ఉండాలి. ఆపుతుందని తేలితే, టీకా వేయించుకున్న వాళ్ళను సోమవారం మొదటి జట్టుగా ఈ రోగుల కోసం తెరిచిన కొత్త వార్డులోకి పంపుతారు. ఆ జాబితాలో నీ పేరు రెండోదట. పరీక్ష పాసైనంత సంబరంగా చెప్పావు. అది విన్న దగ్గర్నుంచి నాకు తిండి సహించడం లేదు.

ఈ పరీక్ష ఎలా చేస్తారని మీ నర్సుల గదిలో వాళ్ళు అడిగారన్నావు. నా ఉత్తరాలు ఎలాగూ అందరికీ చదివి వినిపిస్తావు కనుక చెబుతాను, వినమను. ఫ్లూ వైరస్‌కు ఎర్ర రక్తకణాలంటే మహా వ్యామోహం. కనిపిస్తే చాలు, ఒకదానికొకటి అతికించి, ప్లాస్టిక్ ప్లేటులోని చిన్న గుంట నిండా పల్చగా పరిచేస్తుంది. మనిషి సీరంలో, అంటే రక్తం పైన తేరిన పసుపు నీటిలో, దాన్ని అడ్డుకునే యాంటీబాడీలు ఉంటే అవి వైరస్‌ను ముందే పట్టేసుకుంటాయి. అప్పుడు కణాలు తమ దారిన తాము జారి, అడుగున ఎర్రటి బొట్టులా కూర్చుంటాయి. బొట్టు పడితే రక్షణ ఉన్నట్టు, పరుచుకుంటే లేనట్టు. సీరాన్ని సగానికి సగం పలచన చేసుకుంటూ పోతాం. ఎంత పలచన చేసినా బొట్టు పడుతూనే ఉందంటే ఆ మనిషి అంత గట్టి అన్నమాట. ఇందులో వాడేది చంపేసిన వైరస్సే, ఎవరూ హడలిపోనక్కర్లేదు. రక్తకణాలు మాత్రం మా వెనక షెడ్డులోని కోళ్ళవి. అందులో ఒకటి నేను సూది తీస్తే చాలు, మీదికి ఎగిరి పొడుస్తుంది. దానికి మేము ఎవరి పేరు పెట్టుకున్నామో నీకు చెప్పను.

గొట్టాల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఏ నంబరు ఎవరిదో రాసిన కాగితం మేడమ్ బీరువాలో ఉంటుంది. ప్లేటును ఇద్దరు విడివిడిగా చదవాలి, ఒకరు రాసింది ఇంకొకరు చూడకూడదు. ఒకరు నేను, రెండోది మా కళ్ళజోడు, అంటే పోయిన ఏడాది చేరిన అమ్మాయి. మనకు కావలసిన జవాబే మన కళ్ళకు కనిపిస్తుందని ఈ రూలు పెట్టారు. ఇరవై రెండేళ్ళుగా ఈ రూలు ఇతరుల కోసమని అనుకున్నాను.

నవంబరు 13, గురువారం, మధ్యాహ్నం

ఇవాళ పొద్దుటి పనంతా నీళ్ళపాలైంది. ప్రతి ప్లేటు చివర అసలు వైరస్ వేయని గుంటలు కొన్ని ఉంచుతాం. వాటిలో బొట్టు పడి తీరాలి. పడలేదు. మేము వాడిన కోడి రక్తం పాతబడి, కణాలు వాటంతట అవే చిందరవందరగా పరుచుకున్నాయి. మిగతా గుంటల్లోనూ బొట్టన్నది కనపడలేదు.

నీ దగ్గర ఒక మాట ఒప్పుకోవాలి. ఆ ప్లేటును చూడగానే నాకు ముందు వచ్చింది సంతోషం. టీకా పనికిరాదని రాసి పంపేస్తే ఎవరినీ లోపలికి పంపరు, నువ్వు ఇంటిపట్టున ఉంటావు. ఒక్క నిమిషం, నిజంగా ఒక్క నిమిషమే, కలం చేతిలోకి తీసుకున్నాను. ఇంతలో కళ్ళజోడు వచ్చి, టైము లేదు కదండీ, చదివేద్దామా అంది. వెనకాలే మేడమ్ వచ్చారు. చివరి గుంటలు చూసి, ఇది పరీక్షే కాదు, మొత్తం పారేయండి, కొత్తగా రక్తం తీయండి అన్నారు. మారుమాట లేకుండా పారేశాను. సూది పట్టుకుని షెడ్డుకు వెళ్ళాను. కోడి కూడా కనిపెట్టినట్టుంది, ఇవాళ పొడవలేదు.

నవంబరు 14, శుక్రవారం, మూడున్నర

అయిపోయింది పిడుగూ. చదివేశాం.

కణాలు వేశాక ముప్పావుగంట ఆగాలి. ఆ ముప్పావుగంట నేను ప్లేట్లకు వీపు పెట్టి కిటికీ దగ్గర నిలబడ్డాను. కళ్ళజోడు గోళ్ళు కొరుక్కుంటూ కూర్చుంది. మేడమ్ వచ్చి, పోయి, మళ్ళీ వచ్చి, టీ తెప్పించి, దాన్ని తాగడం మర్చిపోయారు. టైము కాగానే ముందు ఆ చివరి గుంటలు చూశాను. చక్కటి బొట్లు. అప్పుడు గానీ ఊపిరి పీల్చుకోలేదు. నేను ఒక మూల, ఆ అమ్మాయి ఒక మూల కూర్చుని రాసుకున్నాం. రెండు కాగితాలూ మేడమ్ పక్కపక్కన పెట్టుకుని వేలితో గీస్తూ చూశారు. ఒక్క అంకె కూడా తేడా రాలేదు.

నలభై మందిలో ఇరవై ఏడుగురికి కొత్త రకం మీద మంచి రక్షణ ఉంది. పన్నెండు మందికి ఉంది కానీ బలహీనం. పూర్తిగా కాకపోయినా పాత టీకా చాలావరకు పనిచేస్తోంది, అయితే దాన్ని నమ్ముకుని ఎవరూ మాస్కు తీయకూడదు అని మేడమ్ రాశారు. కళ్ళజోడు ఏడ్చేసింది. వాళ్ళ నాన్న అంబులెన్సు నడుపుతారు. నేను ఏడవలేదు, నాకు అంత తీరిక లేదు.

మిగిలిన ఒక్క గొట్టంలో రక్షణ ఏమీ లేదు. అది తప్పేమోనని ఇంకోసారి చేశాం, మళ్ళీ అదే. కొందరి ఒంటికి టీకా పట్టదు, అందులో వాళ్ళ తప్పేం లేదు అన్నారు మేడమ్. అది ఎవరిదన్నది ఇక్కడ రాయకూడదు. మీ గదిలో అందరికీ నా మాటగా చెప్పు. మాస్కు ముక్కు కిందకి దించి కబుర్లు చెప్పుకుంటున్నారని తెలిస్తే, నేనే వచ్చి ఒక్కొక్కరి వీపు విమానం మోత మోగిస్తాను.

ఇట్లు,
నిన్ను తిట్టే హక్కు ఎవరికీ వదలని
మీ వదిన

తా.క. (శనివారం పొద్దున, వేరే కాగితం మీద)

ఇది ఎవరికీ చదివి వినిపించకు. తలుపు వేసుకో.

ఆ ఖాళీ గొట్టం నలభయ్యోది. అందరి రక్తం నేనే తీశాను వదినా, చిట్టచివర నాది పక్కామె తీసింది అని పోయిన వారం నువ్వే చెప్పావు. నంబర్లు తీసిన వరసలోనే వేస్తారు, కనుక బీరువా తెరవకుండానే అది ఎవరిదో నాకు తెలుసు. మంగళవారం పెట్టె తెరిచినప్పుడే ఆ మాట మేడమ్‌కు చెప్పి తప్పుకోవలసింది. తప్పుకోలేదు. నీది నా కళ్ళతో చూడాలనిపించింది. చూశాను. కొత్త రకం ఒక్కటే అయితే నీ ఒంటికి టీకా పట్టలేదని సరిపెట్టుకునేదాన్ని. కానీ టీకాలో ఉన్న మూడు పాత రకాలతోనూ పోల్చి చూస్తాం. తక్కిన ముప్ఫై తొమ్మిది మందికీ అక్కడ వరసగా బొట్లు పడ్డాయి. నీకు మూడింటిలోనూ ఒక్కటి లేదు. నువ్వు అసలు టీకా వేసుకోలేదే పిడుగూ.

మీ రిజిస్టరులో నీ పేరు పక్కన టిక్కు ఉంది. నలభై మందికి నలభై డోసులే వచ్చాయి. మరి నీది ఎవరి చేతిలోకి వెళ్ళిందా అనుకుంటూ నిన్న సాయంత్రం ఇంటికి నడుస్తుంటే, వీధి మధ్యలో గుర్తొచ్చింది. బస్సులో పిల్లలంతా దగ్గుతున్నారు, మీ అన్నయ్యకు అసలే ఆయాసం, ఎలాగోలా ఒకటి వేసి పంపవే అని నిన్ను పీక్కుతిన్నది నేనే. సిబ్బందికి తప్ప ఇవ్వకూడదు వదినా అని నువ్వు ఒక్కసారి అన్నావు. నేను ఫోన్ పెట్టేశాను. రెండు రోజులు మాట్లాడలేదు.

ఇంటికి వెళ్ళి ఆయన్ని అడిగాను. సీసాలో ఒకటి మిగిలిపోయింది, రా అన్నయ్యా అని నువ్వే పిలిచావట. మా చెల్లెలి చేతిలో నొప్పే తెలియలేదని మురిసిపోతున్నారు. ఆయనకు నేనింకా నిజం చెప్పలేదు.

తర్వాతి విడతలో వేసుకోవచ్చులే అనుకుని నీ పేరు పక్కన టిక్కు పెట్టేసి ఉంటావు. ఆ విడత రాలేదు. రక్తం ఇవ్వనంటే బయటపడుతుందని అదీ ఇచ్చావు. జాబితాలో నుంచి పేరు తీయమంటే బయటపడుతుందని ఇప్పుడు లోపలికి కూడా వెళ్ళిపోతావా? నీ మీద నాకు ఒళ్ళు మండిపోతోంది. నా మీద అంతకు రెట్టింపు మండుతోంది.

పొద్దున్నే వచ్చి మేడమ్‌కు అంతా రాసిచ్చాను. గొట్టం ఎవరిదో నాకు ముందే తెలుసని, ఆ డోసు అడిగింది నేనని. ఆమె రెండుసార్లు చదివి, ఇక నువ్వు ప్లేటు ముట్టుకోవద్దు అన్నారు. నలభయ్యోది తీసేసి, మిగతా ముప్ఫై తొమ్మిదీ కళ్ళజోడుతో కలిసి తనే మళ్ళీ చేస్తున్నారు. సోమవారం ఎనిమిది గంటలకు మీ మేట్రన్‌కు ఫోన్ చేస్తానన్నారు. ఆ లోపు నువ్వే వెళ్ళి చెప్పు. నీ నోటితో చెప్పడానికి ఉన్నది ఈ రెండు రోజులే. టీకా ఈ రోజే వేసుకున్నా ఒంటికి పట్టడానికి రెండు వారాలు కావాలి. అన్నాళ్ళూ ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చో, ఏమన్నా పడు. మా ల్యాబు బండి డ్రైవర్ గారు ఈ కవరు నీ చేతికే ఇస్తారు. నువ్వు చదివేదాకా అక్కడే నిలబడమన్నాను.

పోయిన నెల నేను అడిగితే కాదనలేకపోయావు. మళ్ళీ అడుగుతున్నాను. సోమవారం లోపలికి వెళ్ళకు.