లురోవా రేవు గోదాములో ఆగిపోయిన సోలార్ పలకను విడిపించుట గురించి

ఎర్లాంగెన్,
సోమవారం.

చిన్న దేశాల ఇంధన నిధి, అధ్యయనాల విభాగపు అధికారి
శ్రీయుత రవీంద్రనాథ్ గారి సముఖమునకు, ఫ్రాంక్‌ఫర్ట్.

అర్జీదారు: బొంతు ఏసుకుమారి, వయస్సు డెబ్బై దాటినది, స్వస్థలం పాలకొల్లు దగ్గర, ప్రస్తుతం కూతురి ఇంట నివాసం, చదువు ఐదో తరగతి.

అయ్యా,

విషయం: లురోవా దేశపు ఓడరేవు గోదాములో ఆపివేయబడిన ఒక సోలార్ పలకను, దాని బ్యాటరీ పెట్టెను, రెండు దీపములను, రూతు అను గర్భిణీ స్త్రీకి కాన్పు వచ్చే లోపల విడుదల చేయించుట గురించి.

తెలుగులో వ్రాస్తున్నందుకు మన్నించవలెను. తమరు నలభై ఏళ్ళుగా ఈ దేశంలో ఉన్నా తెలుగు మరువలేదని నాకు తెలియును. పోయిన క్రిస్మస్‌కు మా ఇంటికి భోజనానికి వచ్చి, చేపల పులుసు రెండోసారి వేయించుకుని, "ఏదైనా పనుంటే ఓ కాగితం పడెయ్యండమ్మా, మా ఆఫీసులో కాగితం లేకపోతే గాలి కూడా వీచదు" అని తమరే సెలవిచ్చినారు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు, గుర్తు పెట్టుకున్నాను. కనుక ఈ క్రింది మనవులు.

1. లురోవా అనునది సముద్రంలో ఒక చిన్న దేశము. పటం మీద ఈగ వాలితే కనపడదు. మా అల్లుడు సుందర్‌రాజ్ తమ విభాగం తరపున ఆ దేశంలో గాలి ఎంత, ఎండ ఎంత అని కొలిచే ఇంజనీరు. మొదటి అధ్యయనంలో గాలి, ఎండ రెండూ పుష్కలమని తేలినది. రెండవ అధ్యయనంలో మొదటిది నిజమేనని తేలినది. ఇప్పుడు మూడవది జరుగుచున్నది. ఈ మధ్యలో సూర్యుడు ఏమైనా తగ్గాడేమోనని చూస్తున్నారని నేను అనుకుంటున్నాను, తప్పైతే క్షమించవలెను. ఒకనాడు అల్లుణ్ణే అడిగాను.

"అది పొటెన్షియల్ అత్తయ్యా. అంటే, ఎంత కరెంటు రాగలదో."

"రాగలిగేది సరే బాబూ, వచ్చిందెంత?"

"వచ్చింది సున్నా."

ఆయన నిజాయితీపరుడు. అడిగితే దాచడు.

2. ఇచ్చట ఎర్లాంగెన్‌లో సూర్యుడు కనబడిన రోజున జనం పనులు మానుకుని బెంచీల మీద కూర్చుని ముఖాలు పైకెత్తుతారు. అయినను ప్రతి ఇంటి కప్పు మీద సోలార్ పలకలే. మా ఎదురింటి ముసలాయన బాల్కనీ కమ్మీకి కూడా ఒకటి వేలాడగట్టినాడు, మనం దుప్పటి ఆరేసినట్టు. లురోవాలో ఎండకు చెప్పులు రోడ్డుకు అంటుకుంటాయట. అచ్చట ఒక్క పలక లేదు. అధ్యయనం వారి లాప్‌టాపులు, వారి సమావేశపు హాలులో ఏసీ, అన్నీ డీజిల్ మీదనే నడుచుచున్నవి. నాకు చదువు లేదు, అందువలన ఇది అర్థం కాలేదు.

3. లురోవాలో మా అల్లుడు బస చేసే ఇల్లు ప్రిస్కా అనే ఆవిడది. నా ఈడుదే, నాలాగే భర్త పోయినావిడ. ఆయన వీడియో కాల్ చేసినప్పుడల్లా ఆవిడ పక్కనుంచి తొంగి చూస్తుంది. ఆవిడ భాష నాకు రాదు, నాది ఆవిడకు రాదు. ఇద్దరికీ వచ్చిన మాట హల్లెలూయ ఒక్కటే. ఆ ఒక్క మాటతోనే చేపల ధర, మోకాళ్ళ నొప్పులు, అల్లుళ్ళ తిండి అన్నీ మాట్లాడుకుంటాము. ఆవిడ కూతురు రూతుకు ఇంగ్లీషు వచ్చును. మా అమ్మాయి తబిత తెలుగు చేసి చెప్పును.

రూతుకు ఇది తొలి కాన్పు. నెలలు నిండవచ్చినవి. ఆ దీవికి ఆరోగ్య కేంద్రం ఒక్కటే, దానికి డీజిల్ జనరేటరు. సాయంత్రం పెట్టి, భోజనాల వేళ దాటగానే ఆపివేయుదురు. ఆపైన కాన్పు వస్తే నర్సమ్మ సెల్‌ఫోను పళ్ళ మధ్య పట్టుకుని, ఆ వెలుతురులో బిడ్డను అందుకొనును. ఈ మధ్య ఒక తల్లికి నెత్తురు ఎక్కడినుంచి పోతున్నదో కనపడలేదట. బిడ్డ దక్కింది. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ప్రిస్కా ముఖం చూసి అనుమానం వచ్చి తబితను గుచ్చి గుచ్చి అడిగాను. ఆనాటినుండి నాకు నిద్ర లేదు.

రూతు మాత్రం నవ్వుతూనే ఉంటుంది.

"అమ్మమ్మా, మగపిల్లాడు పుడితే స్టడీ అని పేరు పెడతా."

"అదేం పేరే?"

"ఎన్నేళ్ళైనా ముగియదుగా! నూరేళ్ళు బతుకుతాడు."

అటువైపు అందరూ పడీ పడీ నవ్వారు. మా అల్లుడు నవ్వలేదు. అంతలో అక్కడ కరెంటు పోయింది.

4. మేము క్రైస్తవులము, శ్రీమంతమని పేరు పెట్టము గాని, కడుపుతో ఉన్న పిల్లకు ప్రార్థన పెట్టించి చీర, గాజులు, సున్నుండలు ఇచ్చుట మా వైపు ఉన్నదే. రూతుకు పుట్టిల్లు ఉన్నది, కాదనను. అయినా నన్ను అమ్మమ్మా అన్నది. చీకట్లో గాజులు ఎవరికి కనపడును అని ఆలోచించి, ఇక్కడి సూపర్‌మార్కెట్‌లో బంగాళదుంపల పక్కన అమ్ముచున్న సోలార్ పలక ఒకటి, దానికి బ్యాటరీ పెట్టె, రెండు దీపాలు కొనిపించి, పలకను నా పాత నేత చీరల్లో చుట్టి, సారెతో కలిపి ఓడలో పంపితిని. పార్శిలు కాగితంలో ఏ వస్తువులు అన్నచోట సారె అని వ్రాయించితిని.

"అమ్మా, కస్టమ్స్ వాళ్ళ దగ్గర సారె అనే గడి ఉండదే!" అని తబిత తల పట్టుకుంది.

"లేకపోతే కొత్తగా పెట్టుకుంటారు. ఆడపిల్లలు లేని దేశమా అది?" అన్నాను.

అది నా మొండితనమే గాని మోసము కాదని మనవి.

5. అచ్చటి కస్టమ్స్ వారు చీర వదిలినారు. గాజులు వదిలినారు. సున్నుండలు వాసన చూసి వదిలినారు, కొన్ని వాసన చూడడంలోనే అయిపోయినవని ప్రిస్కా సైగ చేసినది. పలకను, పెట్టెను, దీపాలను మాత్రం గోదాములో పెట్టి తాళం వేసినారు. ఆ దేశపు నిబంధన ప్రకారం కరెంటు పుట్టించునది ఏదైనను విద్యుత్ కేంద్రమేనట, ఆనకట్ట అయినా, తలుపంత పలక అయినా. దానికి టెండరు, పర్యావరణ అనుమతి, ప్రజాభిప్రాయ సేకరణ కావలెనట. ప్రజాభిప్రాయం ప్రిస్కా అక్కడికక్కడే చెప్పినది. అది ఇక్కడ వ్రాయదగినది కాదు.

పోనీ పాపమని ఇవన్నీ మాఫీ చేయుటకు అక్కడి కస్టమ్స్ దొర ఒప్పుకున్నాడు. ఒప్పుకోనిది తమ విభాగము. తమ కార్యాలయం నుండి మా అల్లుడికి వచ్చిన జవాబు తబిత చదివి చెప్పగా వ్రాస్తున్నాను: "ప్రస్తుతం లురోవాలో పునరుత్పాదక విద్యుత్తు సున్నా. అధ్యయనమంతయు ఈ సున్నా మీద నిలిచి ఉన్నది. మధ్యలో పలక బిగించినచో సున్నా చెడిపోవును. కావున అధ్యయనం ముగిసిన పిదప పరిశీలించబడును." అధ్యయనం వచ్చే ఏడాది చివరకు ముగియునట. అయ్యా, రూతు కడుపులో ఉన్న బిడ్డకు ఈ సంగతి ఎవరు తెలియపరచవలెను?

6. తమ సున్నా చెడిపోకుండా నాకు తోచిన ఉపాయములు: ఆ పలక జర్మనీలో కొన్నది, కాబట్టి దాని కరెంటును జర్మనీ లెక్కలో వేసుకొనవచ్చును. లేదా లెక్కపెట్టేవారు వచ్చిన రోజున ప్రిస్కా దాని మీద నా చీర కప్పి ఉంచును. చీర కింద ఉన్నది లెక్కకు రాదు. అదీ కుదరకపోతే సుమారు సున్నా అని వ్రాయవచ్చును. మా పక్క సర్వేలలో సుమారు అని వ్రాయని కాగితం నేను చూడలేదు.

7. (ఇది ముందే వ్రాయవలసినది.) ఈ అర్జీ సంగతి మా అల్లుడికి తెలియదు. తబితకు తెలిసి గొడవ పెట్టినది.

"ఆయన పై ఆఫీసరుకి నువ్వు అర్జీ పెడితే ఈయన ముఖం ఎక్కడ పెట్టుకోవాలమ్మా?"

"లురోవాలోనే ఉన్నాడుగా, అక్కడే పెట్టుకుంటాడు."

అలా అన్నాను గాని, అప్పటినుంచి అదొక దిగులు. ఆయన ఉద్యోగానికి చెరుపు చేయవద్దు. కావలసి వస్తే నా మీద కేసు పెట్టించండి. విచారణకు టెర్మిన్, అదే ఇక్కడివారి అపాయింట్‌మెంటు, దొరికేసరికి నేను ఉండనులే. మిగతా దిగుళ్ళు కూడా ఉన్నవి: గోదాములో ఉప్పుగాలికి వైర్లు తుప్పు పడతాయని, ఎలుకలు కొరుకుతాయని, విడిపించి బిగిస్తే తుపాను ఎత్తుకుపోతుందని, తుపాను వదిలితే మేక నములుతుందని. వీటికి తమరు బాధ్యులు కారు. తాళానికి మాత్రం బాధ్యులు.

కనుక తమరు దయతో చిత్తగించి, చిత్తగించుటతో ఆపక, లురోవా రేవుకు ఒక్క ఫోను కూడా చేయించవలెనని వేడుకొనుచు,

తమ విధేయురాలు, నిద్ర కరువైనది,
ఏసుకుమారి.

ప్రతి: మా సంఘం పాస్టరు గారికి, ప్రార్థన నిమిత్తం.

తా.క. అయ్యా, కవరు అంటించబోతుంటే సుందర్‌రాజ్ ఫోను చేశాడు. రూతుకు నొప్పులు వచ్చేశాయి. చెప్పిన తేదీ ఇంకా రానేలేదు. ఆయన రేవు గోదాము ముందు నిలబడి ఉన్నాడు. "అత్తయ్యా, ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి ఒక్క మాట వస్తే ఇచ్చేస్తానంటున్నాడు ఇక్కడి తాళాలాయన. మా సార్‌కి చేస్తే మీటింగులో ఉన్నారు, గురువారం టెర్మిన్ ఇస్తానంటోంది సెక్రటరీ" అంటున్నాడు. ఆయన గొంతు అలా ఎప్పుడూ వినలేదు.

పైన నంబర్లు వేసి వ్రాసిన మనవులన్నీ వదిలెయ్యండి. తబిత ఈ కాగితాన్ని ఫోటో తీసి మీ సొంత ఫోనుకే పంపుతోంది. పలక వద్దు బాబూ, పలక గోదాములోనే ఉంచుకోండి, మీ సున్నా మీకే ఉంటుంది. పెట్టె, రెండు దీపాలు ఇప్పించండి చాలు. ఆ పెట్టెను సెలవుకు ఇంటికి వచ్చినప్పుడు సుందర్‌రాజ్ మా బాల్కనీలో పలకకు తగిలించి నింపి పంపాడు. అందులో ఉన్నది ఇక్కడి ఎండే. ఒక్క రాత్రికి సరిపోతుందన్నాడు. అక్కడ అప్పుడే పొద్దు వాలుతోందట. చదవడం ఆపి ఫోను తియ్యి నాయనా.