పైన్ కొమ్మల దారి

గ్లెబ్ అర్కాదియెవిచ్ గారికి,

క్షేమం అడగడానికి రాయడం లేదు. మా అన్న గల్సాన్ పేర మీరు పంపిన ఫోటో చేరింది. అందుకోవడానికి వాడు లేడు.

ఫోటోలో వసంతం మొదట్లో బైకాల్ సరస్సు, నీలం మంచు, ఒడ్డున విరిగిపడ్డ మంచు పలకలు. కింద "మనిషి చెయ్యి పడని చోటు" అని రాశారు. మీ చెయ్యి పడింది కదా.

మా ఇంట్లో భోంచేస్తూ మీరన్నారు, "ఆ పైన్ కొమ్మలు లేకపోతే సరస్సు ఎంత సహజంగా ఉండేదో" అని. అన్న నవ్వాడు. "కొమ్మలు లేకపోతే మీ ఫోటో బాగుంటుంది సార్, మేమే బాగుండం."

గడ్డకట్టిన సరస్సు మీద మా రాకపోకలకి, మంచు పల్చబడ్డ చోటు తప్పించి దారి చూపడానికి వాటిని పాతింది వాడే. మర్నాడు సాయంత్రం మీరు వాటిని పీకి, ఫోటో తీసుకుని వెళ్లిపోయారు. మసక చీకట్లో అన్న అవతలి ఒడ్డు నుంచి మోటారు సైకిల్ మీద వస్తూ, కొమ్మలు కనపడక పల్చటి మంచు మీదికే పోయాడు. కొమ్మలు ఒడ్డున కుప్పగా దొరికాయి, పక్కనే మీ కెమెరా స్టాండు గుచ్చుకున్న గుర్తులు. అన్న దొరకలేదు.

కొమ్మల సంగతి అమ్మకి తెలియదు. కొడుకు చూసిన ఆఖరి వెలుగని మీ ఫోటోని గోడకి తగిలించి, పొద్దున్నే దాని ముందు మా ఆచారం ప్రకారం నైవేద్యంగా పాలు కలిపిన టీ చిలకరిస్తోంది. సాయంత్రమైతే మంచు మీద మోటారు సైకిల్ చప్పుడు అంటూ తలుపు తీస్తుంది. ఒట్టు, నాకూ వినపడుతోంది.

అమ్మకి చెప్పాల్సింది నేను కాదు. మంచు కరగకముందే మీరొచ్చి చెప్పండి. కొమ్మలు మళ్లీ పాతాను. ఈసారి పీకకుండా, వాటి వెంటే రండి.

గల్సాన్ తమ్ముడు