పనిగదికీ, ముప్పై ఒక్క తప్పులకీ వారసురాలు

2019 జూన్ 11, మంగళవారం. ఉదయం పదిన్నర.

ఈ వీలునామా ఇవాళే రాయడానికి కారణాలు రెండు. పోయిన గురువారం చెవుల డాక్టరు నా చేతిలో ఒక కాగితం పెట్టాడు. ఆ కబురు తెలిసి, ఆదివారం నా పెద్దకొడుకు టేపు పట్టుకొచ్చి నా పనిగదిని కొలిచాడు. నేను లోపల కూర్చుని తీగ బిగించే బిరడ చెక్కుతుండగానే కొలిచాడు. "కాస్త అటు జరుగమ్మా" అన్నాడు. జరిగాను. జరిగాక ఒళ్ళు మండింది.

నా వయసు డెబ్భై నాలుగు. జానపదులు వాయించుకునే తీగ వాయిద్యాలు చెయ్యడం, పాడైనవి బాగుచెయ్యడం నా వృత్తి. మా పెరటివైపు గదిలో నలభై ఆరేళ్ళుగా ఈ పని చేస్తున్నాను. ఈ కాగితం పూర్తి తెలివితో, స్థిమితమైన మనసుతో రాస్తున్నాను. ఎవరి బలవంతమూ లేదు. నన్ను బలవంతపెట్టగలవాళ్ళు ఈ ఇంట్లో ఇంకా పుట్టలేదు. కళ్ళజోడు పెట్టుకుంటే సూదిలో దారం ఎక్కిస్తాను. చెయ్యి వణకదు. చెవుల సంగతి నాలుగో అంశంలో వస్తుంది. అంతవరకు ఎవరూ పేజీలు తిప్పి ముందుకు పోకూడదు.

ఇల్లు, బ్యాంకు వగైరా సంగతులు వేరే కాగితంలో రిజిస్టరు అయి ఉన్నాయి. వాటిలో మార్పు లేదు. ఇది పనిగదికీ, అందులో ఉన్నవాటికీ సంబంధించింది. దీన్ని అమలుచేసే బాధ్యత పక్కింటి గడియారాల మేస్త్రికి అప్పగిస్తున్నాను. ఆయన ఏ గడియారమూ చెప్పిన రోజుకి ఇవ్వడు. ఇచ్చింది మాత్రం మళ్ళీ ఆగదు. నాకు అలాంటి మనిషే కావాలి.

1. పెద్దకొడుకుకి.

నాయనా, నేనూ కొలిచాను. పనిగది పొడవు పన్నెండున్నర అడుగులు. నీ కారు పద్నాలుగు. మిగిలిన అడుగున్నర కారు ఎక్కడ నిద్రపోతుందో నువ్వు ఆలోచించలేదు. బళ్ళోనూ అంతే, జవాబు ముందు రాసి లెక్క తర్వాత చేసేవాడివి. కనుక గది నీకు రాదు. ప్రహరీ పక్కన రేకుల కింద పదహారు అడుగుల ఖాళీ ఉంది, అది నీ కారుకి.

అటక మీద నీలంగుడ్డలో చుట్టి ఉన్న ఒంటితీగ వాయిద్యం కూడా నీకే. అది విరిగిపోయిందని చెప్పాను. అబద్ధం చెప్పాను. నీ పదో ఏట నువ్వు సొంతంగా చేసింది అది. మీటితే పిల్లి తోక తొక్కినట్టు ఉంటుంది. తీగ వదులుచేసి ముప్పై ఏడేళ్ళుగా దాచాను, ఏటా ఒకసారి నూనెగుడ్డతో తుడిచాను. దాన్ని ఎవరిచేతా బాగుచేయించకు.

2. నా చెల్లెలికి.

నా సన్న ఆకురాయి. తన నలభై తొమ్మిదో ఏట నా దగ్గర ఒక్కరోజుకని తీసుకుంది. తాళంచెవి అరగదీసుకుంటానంది. మడమలు రుద్దుకుంటోందని తర్వాత తెలిసింది. లోహాన్ని వెంట్రుకవాసి మేర కోసే పనిముట్టుతో మడమలు! అది ఇప్పటికే ఆమె దగ్గర ఉంది కనుక ఎవరూ తీసుకెళ్ళి ఇవ్వనక్కర్లేదు. ఈ అంశం వల్ల అది ఇకమీదట దొంగసొత్తు కాదు, అంతే.

3. చిన్నకొడుకుకి.

పనిగది బయట వసారాలో ఉన్న పడక్కుర్చీ. నేను శ్రుతి పెడుతుంటే వాడు అందులో నిద్రపోతాడు. మొదట్లో చిర్రెత్తుకొచ్చేది. తర్వాత గమనించాను, శ్రుతి కుదిరాకే వాడికి నిద్రపడుతుంది, కుదరకపోతే అటూ ఇటూ దొర్లుతాడు. వాడికి సరిగమలు రావు కాని ఒళ్ళంతా చెవులే. నాలుగేళ్ళుగా వాడు ఆ కుర్చీలో దొర్లుతూనే ఉన్నాడు. ఉక్కపోత అనుకుని ఫ్యాను పెట్టించాను.

4. నా చెవుల గురించి, చిన్నకోడలి గురించి.

ఇది ఎవరికీ ఇవ్వడం కాదు, ఒప్పుకోలు. అయినా అంకె వేశాను, అంకె లేనిది రికార్డులో నిలవదు.

మార్చిలో కథలు పాడే పాటగాడు తన మూడుతీగల వాయిద్యానికి తోలు మార్చమని తెచ్చాడు. రెండేళ్ళ కిందట నేను చేసిందే. నా దగ్గర ప్రతి వాయిద్యానికీ రిజిస్టరులో ఒక పేజీ ఉంటుంది. చెక్క, తోలు, తీగల మందం, అన్నీ. తీగలు ఆనే గుర్రం ఎత్తు పద్నాలుగు మిల్లీమీటర్లు అని నా దస్తూరీ. కొలిస్తే పదమూడు. గుర్రం అడుగున పెన్సిలు చుక్క.

"నా పని మీద ఉలి పెట్టిందెవరయ్యా?" అని పాటగాడి మీద లేచాను.

"నేనా? మీ ఇంట్లోంచి ఎలా వచ్చిందో అలాగే ఉంది పెద్దమ్మా. ఒట్టు. ఇంత తీయగా పలికిన వాయిద్యం నా చేతికి మునుపెప్పుడూ రాలేదు" అన్నాడు.

ఆ తర్వాత మూడు నెలల్లో మరమ్మతుకి ఆరు వచ్చాయి. ఆరింటికీ కొలతలు మారాయి, ఆరింటికీ చుక్క ఉంది. అప్పుడు ఒక ఉపాయం చేశాను. కొత్త వాయిద్యం మీద రెండో మెట్టుని కావాలనే బియ్యపుగింజంత పక్కకి అతికించాను. మెట్లు మైనంతో అతికిస్తాం, వేడి తగిలితే కదులుతాయి. దాన్ని అమ్మకానికి వెళ్ళేవాటి కొక్కేనికి తగిలించి మనవరాల్ని పిలిచి అడిగాను, నా గదిలోకి ఎవరొస్తున్నారని. అది చేతులు కట్టుకుని, "చెప్పనని అమ్మకి మాటిచ్చాను నానమ్మా. అందుకని చెప్పను. కానీ ఇవాళ మధ్యాహ్నం నువ్వు నిజంగా పడుకోకు" అంది.

రోజూ భోజనమయ్యాక నలభై నిమిషాలు కునుకు తీస్తాను. పోయిన బుధవారం మొహాన తువ్వాలు కప్పుకుని దొంగనిద్ర పోయి, పావుగంటకి లేచి వెళ్ళాను. గదిలో కోడలు నాకు వీపుపెట్టి కూర్చుని ఉంది. ఆ మెట్టు అప్పటికే సరైన చోట ఉంది. కళ్ళు మూసుకుని సన్న తీగ మీటుతోంది, తల వంచి వింటోంది. తీగ వణకడం నాకు కనిపిస్తోంది. చప్పుడు మాత్రం నా దాకా రాలేదు.

అప్పుడైనా అర్థం చేసుకోవలసింది. చేసుకోలేదు. వీధి చివరిదాకా వినబడేలా అరిచాను.

"నేనేం పాడుచెయ్యలేదత్తయ్యా. సన్న తీగ కీచుమంటోంది. అలాగే బయటికి వెళ్తే మీ పేరు పోతుందని…"

"నా పేరు పోతే నీకెందుకు?"

"నా ఇంటిపేరూ అదేగా" అంది. నెమ్మదిగానే అంది. పెదవుల కదలిక చూసి అర్థం చేసుకున్నాను.

"చుక్కలెందుకు పెట్టావ్?" అన్నాను.

"ఎన్ని సరిచేశానో లెక్క ఉండొద్దూ? మీ కోడల్నే కదా" అని పాల లెక్కల పుస్తకం తెచ్చి చూపించింది. వెనక పేజీల్లో నాలుగేళ్ళ జాబితా. ముప్పై ఒక్క వాయిద్యాలు, తేదీలతో సహా. నా రిజిస్టరుతో సరిపోల్చాను. ఒక్క తేదీ తప్పలేదు. అన్నిటికంటే అదే నన్ను ఎక్కువ మండించింది. ఇంకోసారి నా బల్ల ముట్టుకుంటే చేతులు విరగ్గొడతానన్నాను.

ఆమెది తప్పని రుజువు చెయ్యడానికే మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఆయన యంత్రాలు పెట్టి గంటసేపు చూసి, "పిట్టల కూత ఎప్పట్నుంచి వినబడటం లేదు పెద్దమ్మా?" అన్నాడు.

"మా వీధికి పిట్టలు రావడం మానేశాయి" అన్నాను.

ఆ కుర్రడాక్టరు నవ్వలేదు. సన్నటి శబ్దాలు నా చెవికి అందడం లేదట, నాలుగైదేళ్ళుగా. అందనిదాని కోసం నేను సన్న తీగని ఇంకా ఇంకా బిగిస్తూ, గుర్రాన్ని ఎత్తు చేస్తూ పోయాను. నా చెవికి సరిపోయిందంటే లోకం చెవికి చిల్లు పడిందన్నమాట. ఆ ముప్పై ఒక్కటీ అలాగే వెళ్ళి ఉంటే నలభై ఆరేళ్ళ నా పని బజారున పడేది. నా కోడలు రోజూ నలభై నిమిషాల్లో దాన్ని కాపాడింది.

5. చిన్నకోడలికి.

పద్దెనిమిదేళ్ళ కిందట, కాపురానికొచ్చిన మూడో వారంలో, వాయిద్యాల మీద దుమ్ము దులపమంటే ఈమె తడిగుడ్డతో శుభ్రంగా స్నానం చేయించింది. తోలుని సరేసుతో అతికిస్తాం. నీళ్ళు తగిలితే అది వదిలేస్తుంది. మర్నాటికి నాలుగు వాయిద్యాల మొహాలు వేలాడాయి. అదేరోజు రిజిస్టరులో రాశాను: "నేటినుండి కోడలు ఈ గది గడప దాటరాదు." ఆమె దాటలేదు, ఆ నలభై నిమిషాలు తప్ప. పూటపూటా నన్ను భోజనానికి పిలవడానికి వచ్చి, పిలవకుండా ఐదేసి నిమిషాలు గడప అవతల నిలబడేది. వంట అయిపోయింది, తీరుబడి అనుకున్నాను. నిన్న లెక్క వేశాను. జ్వరాలొచ్చిన రోజులు, పుట్టింటికి వెళ్ళిన రోజులు తీసేసినా వెయ్యి గంటలకి తగ్గదు. నా గురువు దగ్గర నేను అంతసేపు నిలబడలేదు.

రిజిస్టరులో ఆ వాక్యాన్ని ఇవాళ ఎర్రసిరాతో కొట్టేశాను. సంతకం లేని కొట్టివేత చెల్లదు కనుక పక్కన సంతకం పెట్టాను.

పనిగది, బల్ల, పనిముట్లు, రిజిస్టర్లు తొమ్మిది, ఇంకా పూర్తికాని వాయిద్యాలు ఐదు, వీటన్నిటినీ దాన, వినిమయ, విక్రయాది సర్వహక్కులతో చిన్నకోడలికి ఇస్తున్నాను. ఈ అంశం నేను పోయాక కాదు, సిరా ఆరగానే అమల్లోకి వస్తుంది. వీలునామా అలా నడవదని గడియారాల మేస్త్రి అభ్యంతరం చెప్పాడు. అయితే ఈ ఒక్కదాన్నీ దానపత్రంగా విడిగా రాయించమన్నాను. నేను బతికున్నన్నాళ్ళు చెక్కడం, తోలు బిగించడం నా పని. మెట్లు, గుర్రం, శ్రుతి ఆమెవి. అందులో నేను వేలు పెట్టను. పెట్టబోతే చేతి మీద ఒక్కటివ్వొచ్చు.

బుధవారంనుంచి ఆమె గడప దగ్గరికి కూడా రావడం లేదు. భోజనానికి మనవరాల్ని పంపిస్తోంది. వచ్చే సోమవారంనుంచి మూడోవీధి టైలరు దగ్గర పనికి కుదిరిందని నిన్న చిన్నవాడు చెప్పాడు. ఈ కాగితానికి తొందర అందుకే, మొదట్లో రాయని మూడో కారణం ఇది. గది ఎవరి పేరున రాసినా, లోపల వినేవాళ్ళు లేకపోతే అది కారు పెట్టుకోవడానికి కూడా పనికిరాని పన్నెండున్నర అడుగులు.

క్షమాపణ అన్న మాట నా తొమ్మిది రిజిస్టర్లలో ఎక్కడా లేదు. ఇక్కడ రాస్తున్నాను. అమ్మాయీ, బుధవారం నేనన్న మాట తప్పు. పద్దెనిమిదేళ్ళ కిందట రాసిన మాట కూడా, మొదటి వారం వరకు సబబు, ఆపైన తప్పు.

6. మనవరాలికి.

మీ తాతయ్య తలుపులు చేసేవాడు. ఆయన మిగిల్చిన పాత తలుపు చెక్కలు పదకొండు, పనిగది దూలాల మీద ఉన్నాయి. బాగా ఆరిన చెక్క, అబద్ధమాడదు. నీకు నచ్చినది చేసుకో, వాయిద్యమే చెయ్యాలని లేదు. పుస్తకాల బీరువా చేసుకున్నా నాకు ఇష్టమే. మాట తప్పకుండా నిజం చెప్పడం ఎలాగో నీకు తెలుసు. ఆ విద్య ఎవరు నేర్పారోగాని, నేను మాత్రం కాదు.

7. గడియారాల మేస్త్రికి.

నా భూతద్దం. ఎలాగూ వారానికి రెండుసార్లు అడిగి తీసుకెళ్తాడు.

ఇక జరగవలసినవి, ఈ వరసలోనే:

1. సంతకాలవగానే గడియారాల మేస్త్రి ఇవాళ మధ్యాహ్నం మా హాల్లో అందరి ఎదుటా దీన్ని పైకి చదవాలి. నేను చదవను. ఐదో అంశం దగ్గర నా గొంతు మీద నాకు నమ్మకం లేదు.

2. పెద్దకొడుకు టేపు లోపల పెట్టి, రేకుల కింద ఉన్న పూలకుండీలు నాలుగూ తన చేతులతో తియ్యాలి. పగలగొట్టకూడదు.

3. ముప్పై ఒక్క వాయిద్యాలు కొన్నవాళ్ళకి ముప్పై ఒక్క కార్డులు వెళ్ళాలి. చిరునామాలు రిజిస్టరులో ఉన్నాయి. మనవరాలు రాస్తుంది, నేను సంతకం పెడతాను. కార్డు మీద రెండే వాక్యాలు: "మీ వాయిద్యం చేసింది అత్త. పలికించింది కోడలు."

4. సోమవారం టైలరు దగ్గరికి వెళ్ళడం, వెళ్ళకపోవడం కోడలి ఇష్టం. ఎవరూ బతిమాలకూడదు, నేనూ బతిమాలను. వెళ్తే గదికి తాళం వేసి చెవి ఆమెకే ఇవ్వాలి. ఆమె తిరిగొచ్చేదాకా అది ఎవరికీ తెరవకూడదు.

5. కొలతల గొడవ తేలేదాకా పాటగాడి వాయిద్యం మార్చినుంచి ఆపి ఉంచాను. అది బల్ల మీద ఉంది, తోలు మార్చాను, తీగలు కట్టాను. బిరడలు తిప్పలేదు. గురువారానికి ఇవ్వాలి. చదవడం అయ్యాక, కోడలికి మనసుంటే, ఇవాళే, అందరూ చూస్తుండగా లోపలికి వెళ్ళి ఆ పని ముగించాలి.

6. అందులో నేను చేసిన తప్పు ఏది కనిపించినా చుక్క పెట్టి ఊరుకోకూడదు. అత్తయ్యా, ఇది తప్పు అని నా మొహంవైపు తిరిగి పైకి చెప్పాలి. గట్టిగా చెప్పాలి. మెల్లగా చెబితే నాకు వినబడదు.

2019 జూన్ 11, మధ్యాహ్నం పన్నెండూ ఇరవై. మొత్తం ఐదు పేజీలు, కొట్టివేతలు లేవు.

(సంతకం) పనిగది పెద్దావిడ

సాక్షులు, ఇద్దరికీ ఇందులో వాటా లేదు:

(సంతకం) చెవుల డాక్టరు. ఈమె మనసు స్థిమితంగా ఉందని ధ్రువీకరిస్తున్నాను. నా ఫీజు గురించి పది నిమిషాలు వాదించారు, నెగ్గారు.

(సంతకం) కథలు పాడే పాటగాడు. పెద్దమ్మ నా కళ్ళెదుటే సంతకం పెట్టారు. వాయిద్యం గురువారానికి కాకపోయినా పర్వాలేదు, ఆ అమ్మాయి చేతిమీదుగానే కావాలి.