మా ఆవిడ ఏ సీమలో కాపురం పెట్టింది?

లోకాలను కట్టి ఇంటింటికీ పంచే ఆట కంపెనీ వారి సహాయ విభాగానికి, వెల్డింగు షాపు ప్రసంగీకుడు వందనాలతో రాయు ఉత్తరం.

అయ్యా, అమ్మా, ఎవరైతే వారు!

ముందు మీ ఆటలోని ఫిర్యాదు పెట్టెలోనే రాయబోయాను. నా ఉపోద్ఘాతం సగంలో ఉండగానే 'ఇక చోటు లేదు' అంది. సత్యాన్ని అగ్గిపెట్టెలో కుక్కమంటే ఎలాగండీ? అందుకే ఈ తెల్ల కాగితం, నీలి సిరా.

సంగతికి వస్తాను. నా భార్య మీ ఆటలోకి వెళ్లిపోయింది. అక్కడ ఇల్లు కూడా కట్టుకుంది. కుట్టుమిషను మీద నాకొక చీటీ పెట్టింది: "ఇక మీతో మాట్లాడను. మాట్లాడాలని ఉంటే ఆటలో నా ఇంటికి రండి." అంతే. ఏ దిక్కు, ఏ వీధి, ఒక్క ఆనవాలూ లేదు.

నేను పగలు ఇనుమును ఇనుముకు అతికేవాణ్ణి, సాయంత్రం మనుషుల్ని దేవుడికి అతికేవాణ్ణి. ఏ బడిలోనూ వేదం నేర్చుకోలేదు. గ్రంథం తలకింద పెట్టుకుని పడుకుంటాను, నిద్రలో కూడా పేజీ తిప్పుతాను. కాపురాలు బీటలువారిన వాళ్లు నా దగ్గరికే సలహాకు వస్తారు. అలాంటి నా కాపురానికే అతుకు ఊడదీశారు మీరు. తప్పిపోయిన గొర్రె కోసం కాపరి కొండలెక్కి వెతకాలని వాక్యం చెబుతోంది. ఎక్కుతాను. ఏ కొండో చెప్పండి, చాలు. ఆమె నోరు విప్పి ఒక్క మాట మాట్లాడేదాకా నాకు ముద్ద దిగదు.

మీ జవాబు కోసం ఉపవాసంతో (మధ్యాహ్నం దాకా),
ప్రసంగీకుడు

తా.క.: కవరు మీది స్టాంపు ఆమె డబ్బాలోంచి తీశాను. అడగలేదు. అడిగితే జవాబు రావాలి కదా.

*

గౌరవనీయులైన వినియోగదారునికి,

నమస్కారం. మా ఆటను ఎంచుకున్నందుకు ధన్యవాదాలు.

మీ శ్రీమతి కనిపించడం లేదని తెలిసి చింతిస్తున్నాము. ఇలాంటి సందర్భాల్లో ఆలస్యం తగదు. వెంటనే దగ్గరలోని పోలీసు స్టేషనుకు వెళ్లి, ఆమెను చివరిసారి ఎక్కడ చూశారో, ఏ రంగు బట్టల్లో ఉన్నారో చెప్పండి. ఫోటో తీసుకెళ్లడం మరవకండి.

మా ఆటలో ఎవరు ఎక్కడ ఇల్లు కట్టుకున్నారో మేము ఇతరులకు చెప్పము. భర్తలు కూడా ఇతరుల కిందికే వస్తారు.

మీ ఆట ఆనందంగా సాగాలని కోరుతూ,
సహాయ విభాగం, రెండో బల్ల

తా.క.: మా సేవ నచ్చితే ఐదు నక్షత్రాలు ఇవ్వగలరు.

*

భర్తను ఇతరుల్లో కలిపేసిన రెండో బల్లకు, ప్రసంగీకుడు వేడివేడి వందనాలతో రాయునది.

మీ మాట విని పోలీసు స్టేషనుకు వెళ్లాను. ఫోటో పట్టుకెళ్లాను. "చివరిసారి ఎక్కడ చూశారు?" అని అడిగాడు అక్కడ రాసుకునే ఆయన. "ఇందాకే, వంటింట్లో," అన్నాను. "అప్పుడేం చేస్తున్నారావిడ?" "నాకు అన్నం వడ్డిస్తోంది." ఆయన కలానికి మూత పెట్టేసి, "ఎండన పడి వచ్చినట్టున్నారు, కాసేపు ఫ్యాను కింద కూర్చోండి పెద్దాయనా," అన్నాడు.

అయ్యా, నా భార్య మా ఇంట్లోనే ఉంది! షాపు మీదే మా కాపురం. ముందు గదిలో నేను, పక్క గదిలో ఆమె. పొద్దంతా బడిపిల్లల యూనిఫారాలు కుడుతుంది. పని అయ్యాక పలక లాంటి యంత్రం ఒళ్లో పెట్టుకుని మీ ఆటలో ఇటుకలు పేరుస్తుంది. నాకు వడ్డిస్తుంది, చొక్కాకు గుండీ ఊడితే కుడుతుంది. మాట్లాడదు. అదీ నా కష్టం.

ఎందుకంటారా? చెప్పక తప్పదు. ఆదివారం షాపు షట్టరు ఎత్తి అక్కడే సభ జరుపుతాం. ఆ వారం విషయం 'ఆటలనే అగాధం'. ప్రసంగం రగులుతోంది. రగిలేటప్పుడు చేతికి ఏది అందితే అది మంటలో పడేయడం నా అలవాటు. "దూరం ఎందుకు, రెండో వరసలో ఉన్న నా భార్యనే చూడండి! పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే ఈవిడ ఆటలో ఆవును వెతుక్కుంటోంది!" అన్నాను. సభ గొల్లుమంది. ఆమె లేచి, చెప్పులేసుకుని, మెట్లెక్కి పైకి వెళ్లిపోయింది. ఆ మెట్ల చప్పుడే ఆమె నాతో చివరిగా అన్న మాట.

సరే, మీరు చెప్పకపోతే నేనే వెతుకుతాను. షాపు ఫోనులో మీ ఆట ఎక్కించాను. అగాధంలోకి దిగాను. రక్షించడానికి దిగాను కాబట్టి దోషం లేదు.

మీ లోకంలో నేలంతా సీమలు సీమలుగా పంచి ఉంది. ముందు ఇసుక సీమకు వెళ్లాను. గ్రంథంలో పరీక్షకు నిలబడిన వాళ్లంతా ఎడారికే వెళ్లారు కదా, మా ఆవిడా అక్కడే ఉంటుందని నా లెక్క. ముళ్లమొక్కను ఆనుకుని ప్రార్థన చేస్తే సగం ప్రాణం పోయింది. అక్కడి ఊరి జనం చదరపు తలలవాళ్లు. వాళ్లకు ఎండ దిగేదాకా బోధించాను. ప్రతి మాటకూ తలూపారు. ఇంత వినయం గల సభను నా జన్మలో చూడలేదు.

ఇసుక దులుపుకుంటూ,
ప్రసంగీకుడు

తా.క.: తర్వాత చూస్తే పక్కనున్న గాడిదకు కూడా అలాగే తలూపుతున్నారు.

*

గౌరవనీయులైన ప్రసంగీకుల వారికి,

నమస్కారం. పోలీసు స్టేషనులో కలిగిన అసౌకర్యానికి క్షమించండి. మీ శ్రీమతి ఇంట్లోనే ఉన్నందుకు మా విభాగమంతా సంతోషించింది.

మీ ఉత్తరాన్ని సాంకేతిక బృందానికి చూపాము. 'మాట్లాడదు' అన్న చోట వారు ఎర్రగీత గీసి, ఇది ధ్వని లోపమని తేల్చారు. పరిష్కారం తేలిక. శ్రీమతి గారి యంత్రాన్ని ఆపి, కాసేపు ఆగి, మళ్లీ వేయండి. శబ్దం బాగా పెంచండి. మాట తప్పకుండా వస్తుంది.

మంచు సీమకు వెళ్లేటప్పుడు వెచ్చని దుస్తులు ధరించండి.

మీ మేలు కోరుతూ,
సహాయ విభాగం, రెండో బల్ల

తా.క.: గాడిద విషయం లోపం కాదు. కావాలనే అలా చేశాము.

*

ఉన్న నిప్పు మీద నూనె పోసిన రెండో బల్లకు, ప్రసంగీకుడు మిగిలి ఉన్న కాస్త వందనాలతో.

మీరు చెప్పినట్టే చేశాను. ఆమె ఇటుక మీద ఇటుక పేరుస్తుండగా వెనకనుంచి వెళ్లి యంత్రం ఆపేశాను. కాసేపు ఆగాను. ఆమె నా వైపు చూసింది. అయ్యా, వెల్డింగు మంటను కళ్లద్దాలు లేకుండా చూసినవాణ్ణి, ఆ చూపు మాత్రం చూడలేకపోయాను. యంత్రం మళ్లీ వేసి శబ్దం పెంచాను కూడా. మాట రాలేదు సరికదా, ఆ పూట నుంచి నా కంచం పైనుంచి షాపులోకి దిగింది. గ్యాసు సిలిండరు పక్కన కూర్చుని తింటున్నాను.

వెతకడం మాత్రం మానలేదు. బురద సీమకు వెళ్లాను. నడుం లోతున మునిగి, ప్రాణం పోయి, మళ్లీ ఆటలోని నా మంచం మీద లేచాను. పునరుత్థానం ఇంత చవగ్గా పంచకూడదండీ, జనానికి విలువ తెలియకుండా పోతుంది. పుట్టగొడుగుల దీవికి వెళ్లాను. ఒక్కో గొడుగు మా షాపుకన్నా ఎత్తు. ఒక్కదాని కింద కూడా ఆవిడ లేదు. చివరికి గుండె రాయి చేసుకుని నిప్పు లోకంలోకి దిగాను. జీవితమంతా నేను వర్ణిస్తూ వచ్చిన చోటు! తీరా చూస్తే నా ప్రసంగాల్లో ఉన్నంత ఘోరంగా ఏమీ లేదు. నాకప్పగిస్తే ఇంకాస్త గట్టిగా కాల్చేవాణ్ణి.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మంచు సీమలో నీలి కొండ ఎక్కి నిలబడ్డాను. అంతలో సూర్యుడు పైకొచ్చాడు. మంచంతా దానిమ్మ గింజల రంగుకు తిరిగింది. బోధ మరిచిపోయి కూర్చుండిపోయాను. "ఇదిగో, ఇలా వచ్చి చూడు!" అందామని ఫోను పట్టుకుని పక్క గది గుమ్మం దాకా వెళ్లాను. అప్పుడు గుర్తొచ్చింది. తిరిగొచ్చేశాను.

నా ప్రసంగాలూ పాడైపోతున్నాయి. నిన్న సభలో "సహోదరులారా, చీకటి పడేలోగా చుట్టూ కంచె కట్టుకోండి! కాగడా లేకుండా గుహలోకి దిగకండి!" అన్నాను. పెద్దవాళ్లు ఆమేన్ అన్నారు. వెనక వరస కుర్రాళ్లు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

నేల మీది సీమలన్నీ అయిపోయాయి. ఇంక ఎక్కడికి వెళ్లమంటారు? ఆమె ఇల్లు చెప్పండి, లేదా ఆమె చేత ఒక్క 'ఊఁ' అనిపించండి.

సిలిండరు పక్కనుంచి,
ప్రసంగీకుడు

తా.క.: సభ అయ్యాక ఆ కుర్రాళ్లలో ఒకడు నా చెవి దగ్గరికొచ్చి "అయ్యగారూ, వజ్రాలు దొరికాయా?" అన్నాడు. ఆత్మీయ అర్థంలోనే అడిగాడని నమ్ముతున్నాను.

*

అయ్యగారూ, నమస్కారం.

ఈసారి అచ్చుజవాబు పక్కన పెట్టి నా చేత్తో రాస్తున్నాను. మీ ఉత్తరాలన్నీ మొదటినుంచి మళ్లీ చదివాను. నవ్వుకున్నాను. మంచు కొండ దగ్గరికొచ్చాక నవ్వు రాలేదు.

అడగాల్సిన ప్రశ్న ఒకటి మాలో ఎవరికీ తట్టలేదు. మీరు వెతుకుతున్నది ఎవరి లోకంలో? మా ఆట ఎక్కించుకున్న ప్రతి మనిషికీ ఒక కొత్త లోకం పుడుతుంది. మీరు తిరిగిన ఇసుక, బురద, మంచు, నిప్పు అన్నీ మీ ఒక్కరి లోకంలోవి. చదరపు తలల బొమ్మల్ని వదిలేస్తే, అందులో మీరు తప్ప ఇంకో మనిషి లేడు. ఎన్నాళ్లు వెతికినా మీకు మీరే దొరుకుతారు.

అమ్మగారి లోకం వేరు. ఆవిడ పిలిస్తేనే దానికి తలుపు. ఆవిడ తన యంత్రంలో 'పిలువు' అనే మీట నొక్కాలి. అప్పుడు మీ ఫోనులో గంట మోగుతుంది. ఇంకో దారి లేదు, మాక్కూడా తాళం లేదు. కాబట్టి రానిమ్మని ఆవిడనే అడగండి.

గౌరవంతో,
రెండో బల్ల అమ్మాయి

తా.క.: ఈ ఉత్తరం మా పై అధికారి చూడలేదు. తప్పిపోయిన గొర్రె సంగతి నేనూ విన్నాను. గొర్రె ఇంట్లోనే ఉంది కదండీ. మరి కొండల్లో తిరుగుతున్నదెవరు?

*

రెండో బల్ల అమ్మాయికి, ప్రసంగీకుడు ఆశీస్సులతో రాయునది.

నీ తా.క. చదివి కాగితం నలిపి పారేశాను. మళ్లీ ఏరి, విప్పి చదివాను. మళ్లీ నలిపాను. ఇస్త్రీ చేసినా సాపు కానంతగా నలిగాక, నువ్వన్నది నిజమేనని ఒప్పుకున్నాను.

కానీ అడగడం తేలికనుకున్నావా తల్లీ? పక్క గది గుమ్మంలో నిలబడి, "సృష్టి మొదలైన నాటినుంచి స్త్రీ పురుషుల మధ్య..." అని ఎత్తుకున్నాను. ఆమె మిషను తొక్కింది. గొంతు పెంచాను. ఆమె జోరు పెంచింది. ఒక చొక్కా కుట్టడం పూర్తయింది, నా ఉపోద్ఘాతం కాలేదు.

అప్పుడు బుద్ధికొచ్చింది. నవ్వులపాలు చేసింది సభలో, అడగడం మాత్రం గుమ్మం చాటునా?

ఆదివారం షట్టరు ఎత్తాం. జనం నిండారు. గ్రంథం తెరవలేదు. పైకప్పు వైపు చూసి, నా గొంతుకు మైకు ఎందుకు, ఉన్నదంతా పెట్టి అన్నాను: "ఏమేవ్! ఆ రోజు నిన్ను చూపించి వీళ్లందర్నీ నవ్వించాను. పాలు పొంగిన మాట నిజం. ఆ పొయ్యి పక్కనే కాళ్లు చాపుకుని పేపరు చదువుతూ కూర్చున్నది నేనన్న మాట వీళ్లకు చెప్పలేదు. ఇదిగో, చెప్పాను. నన్ను నీ ఇంటికి రానిస్తావా?"

పైన మిషను ఆగింది. ఆగిందంటే ఆగింది, ఎంతకీ ఏమీ లేదు. అప్పుడు జేబులో గంట మోగింది.

జీవితంలో మొదటిసారి ప్రసంగం మొదలుపెట్టకుండానే ముగించాను. జనం అంత గట్టిగా ఆమేన్ అనడం నేనెప్పుడూ వినలేదు.

మెట్లెక్కి వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాను. ఆమె తలెత్తలేదు, కాస్త జరిగింది. కళ్లు మూసుకుని మీట నొక్కాను. ఇసుకైనా, మంచైనా, నిప్పైనా సిద్ధమే అనుకున్నాను. కళ్లు తెరిస్తే పచ్చిక. ఎదురుగానే ఇల్లు! ఆ లోకంలోకి ఎవరొచ్చినా మొట్టమొదట కాలు మోపే చోటే కట్టింది. తలుపు బార్లా తీసే ఉంది. లోపల రెండు కుర్చీలు, ఒక కిటికీ. ప్రసంగ వేదిక ఎక్కడుందా అని చూశాను. లేదు.

"ఇంత దగ్గరా! నేను ఎడారిలో ముళ్లు గుచ్చించుకుని, బురదలో చచ్చి, నిప్పుల్లో..."

"ఎడారికెందుకు వెళ్లారండీ?" అంది. అమ్మా, అదే మొదటి మాట! "రండి అని రాశాను. వెతకండి అని రాశానా?"

జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. రెండో కుర్చీ చూపించి "కూర్చోండి" అంది. కూర్చున్నాను. సాయంత్రం దాకా ఆమె మాట్లాడింది. నేను 'ఊఁ' కొట్టాను.

ఇంటి కంచంలో తిన్న తృప్తితో,
ప్రసంగీకుడు

తా.క.: రేపు ఇద్దరం సముద్ర సీమ అడుగు చూడటానికి బయల్దేరుతున్నాం. నాకు ఈత రాదని మొత్తుకున్నాను. "ఈత నేను చూసుకుంటాను. మీరు కాసేపు నోరు మూసుకుని ఉంటే చాలు, నోట్లోకి నీళ్లు పోవు," అంది. అభ్యాసం చేస్తున్నాను.